మూగచెయ్యి

మదురైకి కొత్తగా ఒక వైద్యుడు వచ్చినాడట. చెయ్యి పట్టుకుంటే చాలునట, మనం నోరు విప్పే పనే లేదట, ఒంట్లో ఉన్నదంతా తానే చెప్పేస్తాడట. మొన్న మా కోడలు ఈ మాట మోసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "అంతా ఆయనే చెప్పేస్తే నీకు నోరెందుకే, సంగటి మింగేదానికా?" అన్నాను. పిల్ల బిత్తరపోయింది. ముసల్దానికి మతి తప్పిందని అనుకొని ఉంటుంది, అనుకోనీ. నాకెందుకు మండిందో దానికి తెలియదు. ఆ సంగతి ఎరిగినవాళ్ళలో ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.

అప్పుడు కుంఫిణీ రాజ్యం. ఇప్పుడు రాణిగారి రాజ్యమంటున్నారు. మాకు పత్తి అదే, నల్లరేగడి అదే, పన్నుకోసం వచ్చేవాడి తలపాగా మారింది, అంతే. నేను పుట్టింది కోయంబత్తూరు సీమలో. మెట్టింది మదురైకి ఒక పగలంతా బండి ప్రయాణం దూరంలో ఉన్న ఈ ఊళ్ళో. రెండు చోట్లా మేము తెలుగువాళ్ళమే. మా పెద్దలు ఏ కాలంలో, ఎవరి వెంట ఈ దిక్కుకు వచ్చినారో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. వీధిలో అరవం మాట్లాడతాం, గడప దాటి లోపలికొస్తే తెలుగు.

వైద్యుణ్ణి ఎంచుకోవడంలో మా పుట్టింటిదొక తీరు, మెట్టినింటిదొక తీరు. కొత్త వైద్యుడెవరైనా వస్తే మా నాయన ముందు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగేవాడు. ఆ తర్వాత, నీ చేతిలో ఎవరెవరు పోయినారని అడిగేవాడు. కొందరు కోపగించుకొని లేచిపోయేవాళ్ళు. "నా చేతిలో ఇంతవరకు ఒక్క ప్రాణం పోలేదు" అన్నవాడికి ఇంకో చెంబు మజ్జిగిచ్చి సాగనంపేవాడు. పోయినవాళ్ళ గురించి తల వంచుకొని, ఇలా జరిగింది, నాకప్పుడు తెలియలేదు అని చెప్పినవాణ్ణి మాత్రం లోపలికి పిలిచి మా అమ్మ చెయ్యి చూపించేవాడు. చిన్నప్పుడు నాకిది వింతగా ఉండేది. ఇంటికొచ్చిన మనిషిని ఏడిపించి పంపడమెందుకా అనుకునేదాన్ని.

మెట్టినింట్లో ఈ అడగడాలు లేవు. ఇక్కడిది మూగచెయ్యి. వైద్యుడు వస్తాడు. జబ్బుపడిన మనిషి, ఆడదైతే తలుపు చాటున, మగవాడైతే ఎదురుగా, ఊరికే చెయ్యి చాపి కూర్చోవాలి. ఏ జబ్బు, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళుగా అని ఒక్క ముక్క ఎవరూ చెప్పకూడదు. ఆయన నాడి పట్టుకొని తానే చెప్పాలి. చెబితే వైద్యుడు, లేకుంటే దారిన పోయే దానయ్య. ఈ వాడుక మా మామ తాత కాలంనుంచి ఉందట. పాళెగాళ్ళ రోజుల్లో పగవాళ్ళ దగ్గర లంచం తిని వచ్చే వైద్యులుండేవాళ్ళట, అందుకని ముందుగా ఎవరికీ ఏమీ చెప్పేవాళ్ళు కాదట. నిజమో కాదో. "మనమే చెప్పి మనమే మందు మింగేదానికి మధ్యలో ఆయనెందుకు?" అనేవాడు మా మామ. ఆ మాటలో న్యాయముందని అందరికీ అనిపించేది. నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

ఇంకొక అలవాటుంది, అది ఈ ఇంటిదే కాదు, మా వాళ్ళందరిదీ. పరాయివాళ్ళు ఎదురుగా ఉన్నా సరే, ఇంటి గుట్టంతా తెలుగులో మాట్లాడేసుకోవడం. పత్తి బేరగాడు బయట తిన్నె మీద కూర్చొని ఉండగానే, "వాడు ఆత్రంగా ఉన్నాడు, దిగొద్దు" అని లోపలినుంచి మా అత్త కేకేసేది. బేరగాడు అమాయకంగా మజ్జిగ తాగుతూ ఉండేవాడు. మా మాట మాకొక గోడ. అవతలివాడికి ఏమీ వినపడదని ధైర్యం. అరవం ఊళ్ళ నడుమ ఇన్ని తరాలుగా బతుకుతున్నాం, మేము వాళ్ళ మాట నేర్చుకోలేదూ? వాళ్ళకు మాత్రం మాది కొద్దో గొప్పో రాదూ? ఈ చిన్న సంగతి మాలో ఒక్కరికి తోచి ఉంటే నేనిప్పుడు ఇదంతా చెప్పే పని లేకపోయేది.

నాకు పెళ్ళై చాలా ఏళ్ళైనా కడుపు పండలేదు. దిష్టి తీసినారు, మొక్కుకున్నారు, తర్వాత అలసిపోయి ఊరుకున్నారు. అలా ఊరుకున్నాక ఒక ఏడు, పత్తి తీసిన కొత్తలో, నాకు ముట్టు ఆగిపోయింది. నెలలు గడిచేకొద్దీ పొట్ట కాస్త లేచింది. కాని కుడిపక్క పొడుస్తున్నట్టు నొప్పి, మధ్య మధ్య చీరకు మరక. కడుపో గుల్మమో తేలలేదు. లోపల నెత్తురు గడ్డకట్టి పెరిగేదాన్ని గుల్మమంటారు. అదీ ముట్టు ఆపుతుంది, పొట్ట పెంచుతుంది, పైకి చూస్తే అచ్చం కడుపులాగే ఉంటుంది.

మా అత్త గుల్మమే అని తేల్చేసింది. ఆమెకు కారణముంది. ఆమె చెల్లెలికి ఇలాగే పొట్ట లేస్తే, చేతినిండా గాజులు తొడిగి, పూలు ముడిచి, ఊరందరికీ కలిపిన అన్నాలు పెట్టి సీమంతం చేసినారట. నెలలు నిండినాయి, బిడ్డ రాలేదు. గుల్మమని అప్పుడు తేలింది. మనిషి దక్కలేదు. చెల్లెలు పోయినదానికన్నా, ఆ గాజుల సంగతి చెప్పుకొని ఊరు నవ్విన నవ్వు మా అత్తకు లోపల గుచ్చుకొని ఉండిపోయింది. "ఆ ఆశ ఇంకోసారి నా గడప తొక్కకూడదు" అనేది.

ఒకనాడు నేను, "అత్తా, లోపలేదో కదిలినట్టుంది" అన్నాను.

"వాయువు. వాయువు కదలదా ఏమి?" అని నా అరచేతిలో వాము పోసింది.

వాము నమిలినాను. కదలడం ఆగలేదు. నీళ్ళలో చేపపిల్ల తోక కొట్టినట్టు, అంతే, మళ్ళీ ఊరుకునేది. నా పెనిమిటి పత్తిబండ్లు తోలుకొని తూత్తుకుడి రేవుకు పోయి ఉన్నాడు, చెప్పుకునేదానికి ఆయనా లేడు. పని చేసుకుంటూ ఉన్నట్టుండి నిలబడిపోయి, మళ్ళీ కదులుతుందేమోనని చూసేదాన్ని. అది బిడ్డే అయితే నాకు దక్కాలి. అప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

మొదట వచ్చిన వైద్యుడు పక్కూరివాడు. అరవవాడు, తాతతండ్రులనుంచి వైద్యమే. ముక్కోపి. నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉంటాడు మనిషి. తిన్నె మీద కూర్చున్నాడో లేదో, లోపల మా అత్త పక్కింటి పెద్దమ్మతో నా గురించి మొదలుపెట్టిన మాటలు విని, తెలుగులోనే గట్టిగా అన్నాడు: "అమ్మా, నాకు మీ మాట వస్తుంది. మా ఇంటి పక్కన ఉండేది మీవాళ్ళే. చాటుగా వినేసి, నాడిలో తెలిసిందని చెప్పే అలవాటు నాకు లేదు. ఏముందో నాకే చెప్పండి."

లోపల కవ్వం ఆగిపోయింది. మా అత్త ముఖం మాడిపోయింది. మామ అటూ ఇటూ చూసి, "ముందు చెయ్యి చూడండి వైద్యరే" అన్నాడు.

తలుపు సందులోంచి చెయ్యి చాపినాను. ఆయన చాలాసేపు పట్టుకున్నాడు. పట్టుకొని ఏమీ చెప్పలేదు, అడగడం మొదలుపెట్టినాడు. ముట్టెప్పుడు ఆగింది? తిన్నది ఇముడుతోందా? నొప్పి నిలకడగా ఉందా, వచ్చి పోతోందా? లోపల కదలికేమైనా ఉందా? మా అత్త నోరు కుట్టేసుకుంది. మామ ఉండగా పరాయి మగవాడితో కోడలు మాట్లాడేది మా ఇంట్లో లేదు, కాబట్టి నేనూ మాట్లాడలేదు.

"ఆ అమ్మాయినైనా చెప్పనివ్వండి" అన్నాడాయన.

"ఆ వాడుక మాకు లేదు" అన్నాడు మామ.

"అయితే వినండి. ఇది కడుపైనా కావచ్చు, గుల్మమైనా కావచ్చు. నాడి చూసి ఇప్పుడే తేల్చి చెప్పేంతవాణ్ణి కాను నేను. ఇలాంటిదానికి పది నెలలు నిండేదాకా మందు పెట్టొద్దని నాకు నేర్పినవాళ్ళు నేర్పినారు. గుల్మమైతే అప్పుడు కరిగించుకోవచ్చు, అంతలో కొంప మునగదు. బిడ్డైతే తనంతట తానే వస్తుంది. అందాకా బరువులు ఎత్తనివ్వకండి." ఇంతే చెప్పి లేచి, కండువా దులుపుకొని పోయినాడు. ఇచ్చిన మజ్జిగ ఇచ్చినట్టే ఉండిపోయింది.

ఆయన వీధి మలుపు తిరగకముందే మా ఇంట్లో తీర్పైపోయింది. "తెలియదని తానే ఒప్పుకున్నాడు కదా" అన్నాడు మామ. "అడుగుతాడట, తెలియదట, మందివ్వడట! ఈ మాత్రం వైద్యం నేను చెయ్యనా?" అనింది అత్త. తన మాటలు విన్నాడని ఆమెకు పైకి చెప్పుకోలేని కోపం వేరే. మా నాయనే ఉండి ఉంటే ఆ మనిషిని చెయ్యి పట్టుకొని ఆపేవాడు. ఆయన కోయంబత్తూరు సీమలో ఉన్నాడు, నేను తలుపు వెనక ఉన్నాను.

రెండోవాడి సంగతి మా మామ పత్తిసంతలో విన్నాడు. ఎవరో బేరగాడి నాడి పట్టి, వాడు పెళ్ళానికి కూడా చెప్పుకోని రోగాన్ని నలుగురిలో బయటపెట్టినాడట. సంతంతా ముక్కున వేలేసుకుందట. మామ బండి కట్టించుకొని పోయి తానే పిలుచుకొచ్చినాడు. చూసేదానికి ఎంత పెద్దమనిషి! నుదుట నిండుగా విభూతి, భుజాన పట్టు ఉత్తరీయం, ఇత్తడి బిళ్ళలు కొట్టిన మందులపెట్టె. ఉత్తరీయం ఏదో కొలువులో కప్పినదని చెప్పినాడు. నోరు తెరిస్తే అరవం, అదీ పండితుల అరవం. మామ కావాలనే తెలుగులో ఒక మాట అడిగితే, అర్థంకానట్టు చూసి, "ఎన్న?" అని చిరునవ్వు నవ్వినాడు. దాంతో అందరికీ నిబ్బరం కలిగింది.

మా వంటింటి గోడకు పొగ పోయే కన్నమొకటి ఉండేది. అది సరిగ్గా తిన్నె మీదికి తెరుచుకునేది. తిన్నె మీద కూర్చున్నది మన మాట రానివాడని తేలింది కాబట్టి, మా అత్త మజ్జిగ చిలుకుతూ పక్కింటి పెద్దమ్మకు నా కథ ధైర్యంగా ఎత్తుకుంది. మా అత్తది అవతలి చేలో ఎద్దుల్ని ఆపగలిగిన గొంతు. కవ్వం చప్పుడుకు ఇంకాస్త పెంచింది.

"గుల్మమేనమ్మా, సందేహమే లేదు. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెక్కడినుంచి ఊడిపడుతుంది? ఎడమపక్క పట్టుకొని వంగిపోతుంది చూడు. చిన్నప్పుడు పుట్టింట్లో పచ్చకామెర్లొచ్చి చావు తప్పిందట దీనికి. అప్పుడే లోపలంతా చెడిపోయి ఉంటుంది."

నేను పొయ్యి దగ్గర కూర్చొని వింటున్నాను. రెండు తప్పులు. నొప్పి కుడిపక్కన. బిందె ఎడమ నడుముకు ఎత్తుకొని వంగి నడిస్తే ఆమె అలా అనుకుంది. ఇక కామెర్లొచ్చింది నాకు కాదు, మా చెల్లెలికి. సరిదిద్దుదామని నోరు తెరిచినాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేమిటన్నట్టు అత్త చెయ్యి ఊపింది.

తర్వాత మూగచెయ్యి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూడు వేళ్ళు నా మణికట్టు మీద ఆనించి, ఒకటి నొక్కి, ఒకటి వదిలి, తల కొంచెం పక్కకు వాల్చినాడు.

"గుల్మం" అన్నాడు.

అత్త, పెద్దమ్మ తలుపు దగ్గరికి జరిగినారు.

"ఎడమపక్క వేరు పట్టింది." మామ తల ఆడించినాడు. "బాల్యంలో కామెర్లు తగిలిన దేహం. ప్రాణం మీదికి వచ్చి తప్పింది."

పక్కింటి పెద్దమ్మ దేవుడి ముందు వేసుకున్నట్టు లెంపలేసుకుంది. మా అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వైద్యుడంటే ఈయన, మొన్న వచ్చినవాడూ ఒక వైద్యుడేనా అని మామ మా ఎదుటే అన్నాడు.

తలుపు వెనక నాకు అయోమయంగా ఉంది. నా నాడిలో మా చెల్లెలి కామెర్లు ఎలా దొరికినాయి? ఆయన పోయినాక అత్తతో అన్నాను: "కామెర్లు నాకు కాదత్తా, మా చెల్లెలికి. నొప్పి కూడా కుడిపక్కన."

అత్త నన్ను జాలిగా చూసింది. "నీకు తెలియకుండా వచ్చి ఉంటుందిలేవే. నీకంటే నాడికి తెలుసు."

చూడండి, నా చిన్నతనం నాకు తెలియదట, నా మణికట్టుకు తెలుసట! అలా చెప్పేటప్పుడు ఆమె నన్ను ఎగతాళి చేయడం లేదు. నిజంగానే నమ్మింది. అందుకే నేను ఇంకేమీ అనలేకపోయినాను.

గుల్మాన్ని కరిగించేదని నల్లటి గుళికలిచ్చినాడు. పైన తాగేదానికి కషాయపు చెక్కలిచ్చినాడు. గుళిక లోపలికి పోతే పొట్టలో నిప్పులు పోసినట్టుండేది. అత్త దగ్గర నిలబడి మింగించేది, నోరు తెరిచి చూపించమనేది. నన్ను బతికించుకోవాలనే. ఆమె చెడ్డది కాదు, ఇది నేను ముందే చెప్పవలసింది. మింగినాక బెల్లంముక్క పెట్టేది, తలకు ఆముదం అద్ది, చెల్లెలి పేరు తలుచుకొని ఏడ్చేది. నొప్పి ఎక్కువైంది. మరక ఎక్కువైంది. కబురు పంపితే, గుల్మం విరుగుతోంది, మంచిదే, ఆపకండి అని జవాబొచ్చింది. లోపల ఆ కదలిక మందగించింది. నాకు భయం పట్టుకుంది.

ఒక పొద్దున వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను. బయట తిన్నె మీద మామ ఎవరితోనో ఎద్దుల కాలిగిట్టల గురించి మాట్లాడుతున్నాడు. మామ మెల్లగా మాట్లాడే మనిషి. అయినా ఒక్కొక్క మాట పొగకన్నంలోంచి వచ్చి నా చెవిన పడుతోంది. గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయినాను. ఆయన మాట ఇటు ఇంత బాగా వస్తుంటే, మా అత్త మాట అటు ఎంత బాగా పోయి ఉండాలి! మా చెల్లెలి కామెర్లు నా నాడిలోంచి కాదు, ఈ కన్నంలోంచి పోయినాయి. ఎడమపక్క నొప్పీ ఇందులోంచే పోయింది. కానీ ఆయనకు మన మాట రాదు కదా? రాదని ఎవరు చెప్పినారు, ఆయనే కదా!

ఇదంతా అత్తతో చెబితే నన్నే మందలిస్తుంది. మామతో నేను మాట్లాడేది లేదు. అందుకని ఆ వైద్యుడు మళ్ళీ వచ్చేదాకా ఆగినాను. ఆ వేళకు రెండు రోజులే ఉన్నాయి, ఆ రెండు రోజులూ గుళికను నాలుక కింద పెట్టి దొడ్లో ఉమ్మేసినాను.

ఆయన వచ్చినాడు. తిన్నె మీద కూర్చున్నాడు. నేను పొగకన్నం కిందికి పోయి, రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాను: "అత్తా, నిన్నటినుంచి నా ఎడమచెవి వినపడడం లేదు."

"ఇదొకటి తగలబడిందా!" అని అత్త నెత్తి కొట్టుకుంది. "ఏ చెవే, ఎడమదా?" అని ఊరంతా వినేటట్టు అడిగింది. నాకింకేం కావాలి.

తలుపు చాటున కూర్చొని చెయ్యి చాపినాను. మూడు వేళ్ళు వచ్చి ఆనినాయి. తర్వాత ఆ పండితుల అరవం: "గుల్మం విరిగేటప్పుడు వాయువు పైకెక్కుతుంది. ఈమెకు ఎడమచెవి మూసుకుపోయి ఉంటుంది. భయం లేదు."

అత్త అబ్బురంగా మామ వైపు చూసింది. అప్పుడు నేను, ఆ ఇంటికి వచ్చినాక మొదటిసారి, మామ వింటుండగా పైకి మాట్లాడినాను. తెలుగులోనే.

"నా రెండు చెవులూ బాగానే వినపడుతున్నాయి. వైద్యరి చెవులు ఇంకా బాగా వినపడుతున్నాయి."

నా మణికట్టు మీద ఆయన వేళ్ళు బిగుసుకొని, జారినాయి. నాడి చూడడం నాకు రాదు. కాని ఆ వేళ్ళలో ఏముందో నాకు తెలిసిపోయింది. ఆయనకు నా మాట అర్థమైంది.

మామకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన అరవలేదు. చెయ్యి ఎత్తలేదు, తల తిప్పలేదు. వాన గురించి చెప్పినట్టు, తెలుగులో, "లేచి నీ పెట్టె తీసుకొని పో" అన్నాడు. వైద్యుడు లేచి పెట్టె కోసం వంగినాడు. వంగినాక తెలిసింది తానేం చేసినాడో. అలాగే, ఎవరి ముఖమూ చూడకుండా పోయినాడు. మన తెలుగు పాళెగాడొకడి కోటవాకిట పెరిగినవాడేనని, కుంఫిణీవాళ్ళు కోట పడగొట్టినాక ఇలా ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది. కోటలో మందులు నూరేచోట ఉండేవాడట. నూరడం చూసినాడు, అంతకుమించి నేర్చుకున్నది లేదు.

మామ పైపంచె వేసుకొని పక్కూరికి బయల్దేరినాడు. బండి కట్టమని కూడా అనలేదు, నడిచే పోయినాడు. ఆ ముక్కోపి వైద్యుణ్ణి ఏమని బతిమాలుకున్నాడో నాకు తెలియదు. ఎండ వాలకముందే ఇద్దరూ వచ్చినారు. వైద్యుడు తిన్నె మీద కూర్చోలేదు. మిగిలిన గుళిక అడిగి తీసుకొని, గోటితో గిల్లి, వాసన చూసి, వీధిలోకి విసిరేసినాడు. "ఎన్నాళ్ళు మింగించినారు?" అన్నాడు. అత్త చెప్పింది. ఈసారి అడిగినవన్నీ చెప్పింది.

ఆయన తలుపు దగ్గరికి వచ్చి నాతోనే అన్నాడు: "అమ్మా, లోపల కదులుతోందా?"

మామ అక్కడే ఉన్నాడు. వాడుక లేదనలేదు. అత్త నా ముఖంలోకి చూస్తోంది. ఈ జబ్బు మొదలైనాక నన్ను ఎవరైనా అడిగి, నేను చెప్పేదాకా ఆగింది అదే మొదటిసారి.

"కదిలేది" అన్నాను.

"ఎప్పటినుంచి లేదు?"

"మొన్నటినుంచి."

తర్వాత జరిగినదాన్ని ఎక్కువ చెప్పను. మంత్రసాని వచ్చింది. మగబిడ్డ. నేను చూస్తానని పట్టుబట్టి చూసినాను. వేళ్ళు, గోళ్ళు, కనుబొమలు అన్నీ ఉన్నాయి. నా ప్రాణం తేరుకునేదాకా ఆ వైద్యుడు మా తిన్నె మీదే ఉన్నాడు, తానే కషాయాలు కాచినాడు. నేను ముందే చెప్పలేదా అనే మాట ఆయన నోట వస్తుందని మేమందరం ఎదురుచూసినాం. రాలేదు. నా పథ్యపు చారులో ఉప్పెక్కువైందని మాత్రం మా అత్త మీద అరిచినాడు. ఆమె వేరే చారు కాచింది.

నా పెనిమిటి తూత్తుకుడినుంచి వచ్చి, విని, ఎద్దుల్ని విప్పకుండానే బండి కింద కూర్చుండిపోయినాడు. నాకు మా అత్త మీద కోపముండేది. చాలాకాలం ఉండింది. ఆమె నాకు అన్నం వడ్డిస్తుంటే ఆ చేతివైపు చూసేదాన్ని కాదు. "నా చేత్తోనే మింగించినానే" అని ఆమె ఒక్కసారి అనింది, గొడ్లపాకలో, ఎవరూ లేరనుకొని. నేను విన్నాను. విని ఊరుకున్నాను. ఒక పొద్దున చూస్తే వంటింటి పొగకన్నం తడిమట్టితో పూడ్చేసి ఉంది. పొగంతా లోపలే తిరిగి కళ్ళు మండిపోయేవి. తెరవమని మేమెవరం అనలేదు. వానలు వచ్చి కట్టెలు తడిసినాక ఆమే పెరటివైపు గోడకు ఇంకో కన్నం కొట్టించింది.

కొన్నేళ్ళకు నాకు మళ్ళీ ముట్టు ఆగింది. పొట్ట తెలిసేదాకా చూసి, అత్త ఎవర్నీ అడగకుండా పక్కూరికి కబురు పంపింది. ఆ వైద్యుడే వచ్చినాడు. జుట్టు నెరిసింది, కోపం నెరవలేదు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని, అలవాటుగా మా అత్త వైపు తిరిగి, "చెప్పండమ్మా, ఎలా ఉంది?" అన్నాడు.

అత్త గడప దగ్గరికి పోయి, నేను కూర్చున్న తలుపు రెక్కను బార్లా తెరిచింది. వీధి వెలుతురు నా మీద పడింది.

"నన్నడక్కండి వైద్యరే" అనింది. "దాన్నడగండి."

మామ తిన్నె మీదినుంచి లేచి, ఏదో పని గుర్తొచ్చినట్టు చేనివైపు నడిచిపోయినాడు. నేను వైద్యుడి ముఖం చూసినాను. ముందు, కదులుతోందని చెప్పినాను. చెయ్యి ఆ తర్వాత ఇచ్చినాను.